వీడియోలో వినపడని విజిల్

ఫుట్‌బాల్ మ్యాచ్‌లో రిఫరీ రెండు చూపుడు వేళ్లతో వీడియో చూశానని గాలిలో టీవీ డబ్బా గీశాడంటే మా పెద్దవాడు సోఫాలో ముందుకు జరిగి కూర్చుంటాడు. బూటు ముందుందా, భుజం ముందుందా అని తెర మీద గీతలు గీసి చూపిస్తుంటే వాడికి అదో సరదా. నేను లేచి వరండాలోకి పోతాను. నాన్నకు ఆట మీద మోజు పోయిందని వాడు వాళ్లమ్మతో అంటుంటాడు. మోజు ఎక్కడికీ పోలేదు. ఆ డబ్బాను నేనూ ఒకసారి గీశాను, గోదావరిఖనిలో, మా బొగ్గు కంపెనీ గ్రౌండులో, గ్యాలరీ నిండా జనం చూస్తుండగా. నేను అట్లా గీసినందుకు ఒక మనిషి ఇంకా బొగ్గు బాయి దిగుతూనే ఉన్నాడు. ఆ సంగతి గుర్తొస్తే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నేను బాయి పైన ల్యాంప్ రూములో పనిచేస్తాను. షిఫ్టుకు దిగే ప్రతి మనిషికీ టోపీకి పెట్టుకునే లైటు ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం నా డ్యూటీ. అంతకు ముందు తొమ్మిదేళ్లు నేనూ కిందికి దిగినవాణ్ణే. పైకి రావడానికి నన్ను ఎవరూ ఉద్ధరించలేదు, నా ఎడమకాలు తెచ్చింది. మా కంపెనీలో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా ఏరియాల మధ్య ఫుట్‌బాల్ పోటీలు పెడతారు. అందులో మెప్పించినవాళ్లను కంపెనీ జట్టుకు తీసుకుంటారు. జట్టులో పేరు వచ్చిందంటే ప్రాక్టీసు ఉండాలి కాబట్టి సర్ఫేసు డ్యూటీ, అంటే బాయి పైన పని ఇస్తారు, అదీ పగటి జనరల్ షిఫ్టులో. ఏ కాగితం మీదా ఈ మాట రాసి ఉండదు, కానీ అందరికీ తెలుసు. జట్టులోంచి తీసేశాక కూడా తిరిగి కిందికి పంపిన మనిషిని నేను చూడలేదు. బయటివాళ్లు మా ఆట చూసి ఈ బొగ్గు మనుషులకు కప్పు మీద ఎంత పిచ్చో అనుకుంటారు. కప్పు ఎవడిక్కావాలి, మేం ఎండలో నిలబడి పనిచేయడం కోసం ఆడతాం. నేను లెఫ్ట్ వింగులో ఉరికి ఉరికి అట్లా పైకి వచ్చాను, మోకాలు అరిగాక రిఫరీ పరీక్ష రాసి విజిల్ పట్టుకున్నాను.

ఇప్పుడు చెప్పబోయే మనిషి మా రామగుండం ఏరియా జట్టు గోల్‌కీపరు. కమాన్‌పూర్ దగ్గర పల్లె వాళ్లది. తండ్రి ఉద్యోగం కొడుకుగా ఇతనికి వచ్చింది. పొడుగు మనిషి, కిందికి దిగితే రోజంతా నడుం వంచే ఉండాలి. కింద అతని పని హాలేజీ మీద. కలప, ఇనుప సామాను మోసే టబ్బులను ఇనుప తాడుతో లాగుతారు కదా, ఆ టబ్బులకు తాడు తగిలించడం, విప్పడం. అక్కడ మనిషి నోటి మాట పనికిరాదు, ఆ చప్పుడులో వినపడదు. అంతా గంటల మీద నడుస్తుంది. ఒక్క గంట మోగితే ఆగాలి. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అని అడగకూడదు. చేతిలో ఏది ఉంటే అది అక్కడే వదిలేసి ఆగిపోవాలి, కారణం తర్వాత తెలుసుకోవచ్చు. కొత్తగా చేరినవాడికి మొదటి రోజు నేర్పేది అదే.

ఆ మ్యాచ్‌కు రెండేళ్ల ముందు అట్లాగే ఒక గంట మోగింది. ఇతను ఆగాడు. పక్కన జోడీగా పనిచేసేవాడు చేతిలో పని అయిపోవచ్చిందని ఇంకొక్క అడుగు వేశాడు. ఆ జోడీకి ఇప్పుడు మోకాలి కింద కాలు లేదు. అతన్ని స్ట్రెచర్ మీద పైకి మోసుకొచ్చినవాళ్లలో మా కీపరు ఒకడు. అప్పటి నుంచి ల్యాంప్ రూము కిటికీ దగ్గర నిలబడితే అతని చేతులు వణుకుతుండేవి. "అన్నా, లైటిచ్చేటప్పుడు జర ఏదన్న ముచ్చట పెట్టు, దిగే ముంగట పానం ఆగుతలేదు" అని ఒకసారి నాతో అన్నాడు. అంత పెద్ద మనిషి అట్లా అడిగితే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రోజు నుంచి అతను వస్తే ఏదో ఒకటి మాట్లాడేవాణ్ణి, ఎక్కువగా ఫుట్‌బాల్ గురించే.

ఆ ఏడు అతనికి ముప్పై ఆరు. కంపెనీ జట్టులో కొత్తవాళ్లను తీసుకునే వయసుకు అదే చివరి ఏడు. పాత కీపరు రిటైరయి ఆ జాగా ఖాళీగా ఉంది. ఫైనల్ గెలిచిన జట్టు కీపరునే తీసుకుంటారని టోర్నమెంటు కమిటీలో ఒక పెద్దమనిషి నోటి మాటగా చెప్పాడు. సెమీఫైనల్ దాకా అతని మీద ఒక్క గోలు కూడా పడలేదు. ఫైనల్లో శ్రీరాంపూర్ ఏరియా జట్టును ఆపితే చాలు, ఇక బాయి దిగే పని ఉండదు. ఈ సంగతి అతనికి తెలుసు, అతని భార్యకు తెలుసు, నాకు తెలుసు. అతనికి ఈ ఆట ఇంత ముఖ్యమని తెలిసి కూడా నేను చేసింది చేశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

ఆ ఏడే ఆటలు చూసుకునే ఆఫీసరు కొత్తగా వచ్చాడు. చెడ్డవాడని అనలేను. మర్యాదస్తుడు, పని మీద ఉత్సాహం ఉన్నవాడు. ఫారిన్ మ్యాచ్‌లు ఫోన్‌లో తెగ చూసేవాడు. మన దగ్గర రిఫరీలు పక్షపాతం చూపిస్తారని ఏటా ఫిర్యాదులు వస్తున్నాయి, వీడియో పెడితే ఎవరి నోరూ లేవదు అని తీర్మానించాడు. మాట తప్పేం కాదు. నిజం చెప్పాలంటే నాక్కూడా సంతోషమే వేసింది, ఏటా తిట్లు తినేది నేనే కదా. అయితే ఫారిన్‌లో గ్రౌండు చుట్టూ పదుల కెమెరాలు ఉంటాయి. మా దగ్గర గోదావరిఖనిలో పెళ్లి వీడియోలు తీసే అతన్ని పట్టుకొచ్చారు. అతనికి ఒక డ్రోన్, స్టాండు మీద ఒక కెమెరా, ఒక అసిస్టెంటు. షామియానా కింద సోఫాల ముందు పెద్ద టీవీ పెట్టారు.

పొద్దున మీటింగులో నేను ఒక్క విషయం గుర్తుచేశాను. వీడియో వాడే చోట కూడా ఒక నియమం ఉంది, రిఫరీ విజిల్ ఊదాక ఆట చచ్చిపోయినట్టే. ఆ తర్వాత బంతి గోల్‌లో పడినా గంగలో పడినా దాన్ని వీడియోలో చూసే పనే లేదు. ఆఫీసరు తలూపి, అన్నీ చూసుకుందాం, మీరు మాత్రం వీడియోలో ఉన్నదానికి కట్టుబడాలి అన్నాడు. నేనూ తలూపాను. ఇంకో మాట కూడా అన్నాడు. శ్రీరాంపూర్ వాళ్లు, రిఫరీ రామగుండం మనిషేనని ఇప్పటికే గొణుగుతున్నారట. ఆ మాట నా బుర్రలో ముల్లులా దిగింది, ఆట ఆసాంతం అక్కడే ఉంది.

ఫస్ట్ హాఫ్ అంతా నవ్వులాటే. బంతి గీత దాటిందా లేదా అని ఒకసారి, చేతికి తగిలిందా అని ఒకసారి, ఆఖరికి త్రో ఎవరిదని కూడా నన్ను షామియానా దగ్గరికి పిలిచారు. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయనకు ఆ స్లో మోషన్ తెగ నచ్చేసింది, ఇంకోసారి వేయమని అడిగి మరీ చూశాడు. నేను గ్రౌండు మధ్య నుంచి షామియానాకు, షామియానా నుంచి గ్రౌండుకు తిరుగుతుంటే గ్యాలరీలో మావాళ్లు ఊరుకుంటారా, చాయ్ కూడా తాగి రా బావా, పెళ్లి క్యాసెట్టు మంచిగున్నదా అని ఆటపట్టించారు. నాకు తల కొట్టేసినట్టయింది. రెండో సగానికి వచ్చేసరికి నా కళ్లను నేను నమ్మడం తగ్గించాను. ఏది చూసినా షామియానా వైపు ఒక చూపు వేయడం అలవాటయింది.

ఆట ముగియడానికి నాలుగైదు నిమిషాలున్నాయి. ఎవరూ గోల్ చేయలేదు. శ్రీరాంపూర్ వాళ్లు ఎడమ నుంచి బంతిని ఎత్తి కొట్టారు. మా డిఫెండరు ఒకడూ వాళ్ల ఫార్వర్డు ఒకడూ ఒకేసారి తలతో లేచారు, రెండు తలలూ గుద్దుకున్నాయి. టెంకాయ పగిలిన చప్పుడు. మా డిఫెండరు కదలకుండా పడిపోయాడు. తల దెబ్బ అంటే ఆట ఆపాలి, అది ఏ రిఫరీ ఆలోచించి చేసేది కాదు. ఊదాను. ఒక్కటే విజిల్, పొడుగ్గా ఊదాను.

మా కీపరు ఆగిపోయాడు. చేతులు కిందికి దించి, పడిపోయినవాడి వైపు ఒక అడుగు వేశాడు. అతనితో పాటు ఇంకో నలుగురు ఆగారు. ఆ నలుగురూ కింద పనిచేసేవాళ్లే. శ్రీరాంపూర్ మిగతా ఫార్వర్డులు ఇద్దరు మాత్రం వర్క్‌షాపు వాళ్లు, విజిల్ విన్నారో లేదో వాళ్లకే తెలియాలి. గ్యాలరీలో డప్పులు మోగుతున్నాయి. వాళ్లలో ఒకడు దొర్లుకుంటూ వచ్చిన బంతిని ఖాళీ గోల్‌లోకి నెట్టాడు. బంతి మా కీపరు పక్క నుంచి, చెయ్యి చాపితే అందేంత దూరంలో పోయింది. అతను దానివైపు చూడను కూడా చూడలేదు.

నేను చేతులు ఊపి గోల్ లేదన్నాను. శ్రీరాంపూర్ వాళ్లు మీదికి వచ్చారు. గ్యాలరీలో సగం లేచి నిలబడింది. షామియానా నుంచి పిలుపు వచ్చింది.

స్టాండు మీద కెమెరా ఉంది కదా, దానికి మైకు ఉంది. కానీ సరిగ్గా ఆ సమయానికి అది గ్రౌండు వైపు లేదు. ముఖ్య అతిథికి శాలువా కప్పుతున్నారు. పెళ్లి వీడియోలు తీసే చేతికి శాలువా కనబడితే ఆగుతుందా, కెమెరాను అటు తిప్పేశాడు, డప్పుల వాళ్లను పెద్దాయనకు చూపిద్దామని షామియానా ముందుకే పిలిపించారు కూడా. అందులో డప్పులు తప్ప ఏమీ వినపడలేదు. ఇక మిగిలింది డ్రోన్. పైనుంచి అంతా స్పష్టంగా ఉంది, ఒక్కొక్కరి బూట్లతో సహా. కానీ డ్రోన్‌కు చెవులు ఉండవు. నేను విజిల్ నోట్లో పెట్టుకున్నది కూడా కనపడలేదు, పైనుంచి కనిపించింది నా బట్టతల ఒక్కటే.

టీవీలో చూస్తే మా కీపరు వైనం ఎట్లా ఉందో చెప్పనా. బంతి వస్తోంది, అతను చేతులు దించుకుని తీరిగ్గా నిలబడ్డాడు. అమ్ముడుపోయినవాడు నిలబడినట్టు ఉంది. సోఫాల్లో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందే విజిల్ ఊదిన సార్, చూడుండ్రి, అయిదుగురు ఆగిండ్రు అని నేను తెర మీద వేలు పెట్టి చూపించాను. ఆఫీసరు నెమ్మదిగానే అడిగాడు, ఊదితే అందరూ ఆగాలి కదండీ, మిగతావాళ్లు ఎందుకు ఆగలేదు అని. కింద పనిచేసేవాళ్లకు ఒక్క గంటకు ఆగడం ఒంట్లోకి ఇంకిపోయి ఉంటుందని, వాళ్లు ఆగారంటే మోగినట్టే లెక్క అని నేను చెప్పాలి. అంతకు మించిన సాక్ష్యం ఇంకేముంటుంది. నాకు ఆ మాట నాలుక చివరనే ఉంది. ఇంతలో ఆయనే, "మీ ఏరియా కీపరు కదా, రేపు మిమ్మల్నే అంటారు. విజిల్ ముందా తర్వాతా, కచ్చితంగా చెప్పగలరా?" అన్నాడు.

"దగ్గర దగ్గరనే ఉండొచ్చు సార్" అన్నాను.

ఇప్పటికీ అర్థం కాదు నాకు. ఎవరూ బెదిరించలేదు, గొంతు కూడా పెంచలేదు. నా నోరు, నా ఊపిరి, నేను ఊదిన విజిల్, అది నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. అంత పెద్ద టీవీ ముందు నిలబడేసరికి నా చెవులు విన్నది కూడా అబద్ధమేమో అన్నట్టు మాట్లాడాను. అనుమానం వచ్చి కాదు, భయం వేసి. ఆఫీసరు అయితే వీడియోలో ఉన్నదే తీసుకుందాం అన్నాడు. నేను గ్రౌండు మధ్యకు నడిచి, ఫారిన్ రిఫరీలు చేసినట్టే రెండు చేతులతో డబ్బా గీసి, సెంటర్ వైపు చెయ్యి చూపించాను. గోల్.

కీపరు ఉరుక్కుంటూ వచ్చాడు. కోపం లేదు అతని ముఖంలో, అదే నన్ను చంపింది. నేనేదో పొరపాటు పడ్డానని, తను గుర్తుచేస్తే సర్దుకుంటానని అనుకున్నాడు.

"అన్నా, నువ్వు ఊదినవ్ గద. నేను ఇన్న. ఇన్నంకనే ఆగిన. ఊదినవా లేదా, ఒక్క మాట చెప్పు."

నేను చేతి గడియారం చూసుకుని, ఆట మొదలుపెట్టు అన్నాను. అతను తిరిగి గోల్ దగ్గరికి నడిచిపోయాడు. మిగిలిన రెండు మూడు నిమిషాల్లో ఏమీ కాలేదు. శ్రీరాంపూర్ గెలిచింది. రిపోర్టులో గోల్ అయిన తర్వాత విజిల్ ఊదినట్టు నా చేత్తోనే రాసి సంతకం పెట్టాను. ఆఫీసరు నా భుజం తట్టి టెక్నాలజీ లేకపోతే ఎంత అన్యాయం జరిగేదో చూశారా అన్నాడు.

తర్వాతి రెండు రోజులు కాలనీలో ఇదే ముచ్చట. డ్రోన్ వీడియో ప్రతి ఫోన్‌లో తిరిగింది. చూసినవాడల్లా, కీపరు చెయ్యి కూడా లేపలేదు చూడు, ఎంతకు అమ్ముకున్నడో అన్నాడు. షిఫ్టు బస్సులో అతను ఎక్కితే మాటలు ఆగిపోయేవట. ఇంతకాలం నాతో ముచ్చట పెట్టి లైటు తీసుకున్నవాడు ఇప్పుడు పక్క కిటికీలో తీసుకోవడం మొదలుపెట్టాడు. అక్కడ లైను పొడుగున్నా అక్కడే నిలబడేవాడు. పిలవడానికి నాకు ముఖం చెల్లలేదు.

కంపెనీ జట్టు లిస్టు సోమవారం పై ఆఫీసుకు పోతుందనగా ఆదివారం మధ్యాహ్నం అతని భార్య మా క్వార్టరుకు వచ్చింది. నేను అన్నం తిని కూర్చున్నాను. ఆమె కుర్చీలో కూర్చోలేదు, గడప దగ్గరే నిలబడి ఫోను తీసింది. ఆ రోజు ఆడవాళ్ల గ్యాలరీలో చోటు లేక గోల్ వెనక, కంచె పక్కన నేల మీద కూర్చుందట. సెంటినరీ కాలనీలో ఉన్న తల్లికి చూపిద్దామని మొగుడి ఆట ఫోన్‌లో పట్టిందట. ఆటైనంక చూడబుద్ధి కాలేదు, పొద్దున చూసిన, ఇది ఇను అన్నా అంది.

విన్నాను. డప్పులు దూరంగా ఉన్నాయి. రెండు తలలు తాకిన చప్పుడు. వెంటనే నా విజిల్, చెవిలో ఊదినంత గట్టిగా. కీపరు చేతులు దించాడు. ఒకటి, రెండు అని నిదానంగా లెక్కపెట్టేంత సేపు ఏమీ లేదు. ఆ తర్వాత బంతి వచ్చి వల తాకింది. మంచినీళ్లు తెచ్చిన నా భార్య చెంబు పట్టుకుని అక్కడే నిలబడి అంతా విన్నది. ఆమె నా వైపు చూసింది. నేను ఇంకోసారి వెయ్యమన్నాను, ఏం చెప్పాలో ఆలోచించుకోవడానికి.

"రేపు లిస్టు పోతదట గద అన్నా. నువ్వు తోడొస్తే ఆఫీసరు సాబ్‌కు చూపిద్దాం. మా ఆయనకు చెప్పకుంట వచ్చిన. చెప్తే వద్దంటడు, అన్నకు మాటొస్తదంటడు."

నాకు మాట వస్తుందని అతను ఆలోచించాడు. ఆ క్షణాన లేచి చెప్పులేసుకుని ఉంటే ఇదంతా రాసే పని ఉండేది కాదు. ఆఫీసరు మంచివాడే, వీడియోను నమ్మేవాడే, ఇదీ వీడియోనే. ఆయన ఒప్పుకునేవాడు. మరి నా సంతకం? గోల్ తర్వాత ఊదానని రాసిన రిపోర్టు ఉంది. తప్పుడు రిపోర్టు రాశాడని ఎంక్వయిరీ వేస్తే, ఇన్నేళ్లూ అనుభవించిన పైడ్యూటీ పోయి మళ్లీ కిందికి పొమ్మంటే? కింద ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. అతని చేతులు ఎందుకు వణుకుతాయో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. తెలిసినందుకే నా నోట్లోంచి ఆ మాట వచ్చింది.

"ఫోన్ వీడియో చెల్లదమ్మా. కమిటీ పెట్టిన కెమెరాల ఉన్నదే లెక్క. రూలు గట్లనే ఉన్నది."

అట్లాంటి రూలు ఏ పుస్తకంలోనూ లేదు. అప్పటికప్పుడు నేనే పుట్టించాను. నా భార్య చెంబు అక్కడే పెట్టి లోపలికి వెళ్లిపోయింది. వచ్చినామె మాత్రం నమ్మింది. రూలు అనేసరికి ఇంకో మాట అడగలేదు, బతిమాలలేదు.

"రూలుంటే ఏం జేస్తం. ఫోన్‌ల జాగ లేదన్నా, పిల్ల పుట్టినరోజుకు ఫొటోలు దిగుదామంటే దిగుతలేవు. ఇది ఉంచితే ఎప్పటికన్న అక్కరకొస్తదా?"

"రాదమ్మా" అన్నాను.

నా ముందే బొటనవేలితో నొక్కి తీసేసింది. పోయిందో లేదో చూడమని ఫోను నాకిచ్చింది. నేను చూసి, పోయిందని చెప్పాను. ఎండల ఉత్తగ తిరగకుంట మంచి మాట చెప్పినవన్నా అని దండం పెట్టి, ఫస్ట్ షిఫ్టు ముగించుకుని మొగుడు దిగే బస్సు వచ్చే వేళయిందని గబగబా ఇంటిదారి పట్టింది.